ఫొటోల ట్రిప్పు పేరుతో ఇంట్లోవాళ్లని ఏడిపించకండి

మొన్న ఒక ఫ్రెండ్ తన వెకేషన్ ప్లాన్ పంపింది. ఆరు రోజులు, ఒక ఉష్ణమండల దీవి, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు, కొత్తగా కొన్న కెమెరా. ఎక్సెల్ షీట్ తెరిస్తే పందొమ్మిది లొకేషన్లు. ఒక్కోదాని ఎదురుగా టైమ్, ఆ పక్క గడిలో ఎవరు ఏ రంగు బట్టలు వేసుకోవాలో. "ఏమైనా మిస్సయ్యానేమో చూసి చెప్పవే" అని కింద మెసేజ్.

అన్నీ ఉన్నాయి, మనుషులే లేరు. ఆ షీట్‌లో ఆకలి లేదు, నిద్ర లేదు, మోకాళ్ల నొప్పి లేదు, "అమ్మా, బోర్ కొడుతోంది" అసలే లేదు. నాకెలా తెలుసంటే, మూడేళ్ల కిందట అచ్చం ఇలాంటి షీటే నేనూ వేశాను. కాబట్టి ఈ పోస్ట్‌లో కోపం కనిపిస్తే అందులో సగం నా మీద నాకే.

ఆ ట్రిప్‌లో మొదటి రోజే అందర్నీ పదకొండున్నరకి బీచ్‌లో నిలబెట్టాను. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, వంగిన కొబ్బరిచెట్టు, అంతా నెల రోజులుగా ఫోన్‌లో చూసుకుంటున్న ఫొటోలాగే ఉంది. చిన్నోడికి అప్పుడు నాలుగేళ్లు, ఇసుక మెరుపుకి కళ్లే తెరవట్లేదు. పెద్దది కాళ్లు కాలుతున్నాయని ఒంటికాలి మీద గెంతుతోంది. అత్తయ్య బ్యాగ్‌లోంచి గొడుగు తీసి తెరవబోతే, "వద్దత్తయ్యా, ఫ్రేమ్‌లో గొడుగు బాగోదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, మడిచి చంకలో పెట్టుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందరి కళ్ల చుట్టూ నల్లటి గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ, అత్తయ్య చంకలో మడిచిన గొడుగు. ఎన్ని ఫిల్టర్లు వేసినా బాగుపడని ఫొటో.

తప్పు కెమెరాది కాదు, ఆ దీవిదీ కాదు. భూమధ్యరేఖకి అటూ ఇటూ 23.4 డిగ్రీల లోపల ఉన్న చోటల్లా మధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం బాగా ఎత్తులోనే ఉంటాడు. ఏడాదిలో రెండు రోజులైతే సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. హవాయిలో దీనికి లహైనా నూన్ అని పేరు కూడా ఉంది. 1990లో అక్కడి బిషప్ మ్యూజియం పోటీ పెట్టి ఎంచుకున్న పేరది. ఆ నిమిషంలో నిటారుగా ఉన్న స్తంభానికి నీడే కనపడదు. లహైనా అంటే హవాయి భాషలో క్రూరమైన సూర్యుడు అని అర్థం చెప్తారు. ఆ క్రూరమైన సూర్యుడి కింద మనం పిల్లల్ని నిలబెట్టి "నవ్వు నాన్నా, నవ్వు" అంటున్నాం.

సరే, పొద్దున్నే, సాయంత్రమే తీద్దాం, గోల్డెన్ అవర్ (సూర్యుడు కిందగా ఉన్నప్పుడు పడే మెత్తటి బంగారు వెలుతురు) ఉందిగా అంటారు. అసలు చిక్కు అక్కడే. గోల్డెన్ అవర్ మీద మనం చూసే వీడియోల్లో చాలావరకు భూమధ్యరేఖకి ఎంతో దూరంలో ఉన్న దేశాలవాళ్లు చేసినవి. అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారుకుంటూ, తీరిగ్గా దిగుతాడు. లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు మునిగాక కూడా ముప్పావు గంట వెలుతురుంటుంది. భూమధ్యరేఖ దగ్గర అలా కాదు, రాయి పడ్డట్టు నిలువునా దిగిపోతాడు. ఆకాశంలో గంటకి 15 డిగ్రీలు కదులుతాడు కదా, క్షితిజానికి ఆరు డిగ్రీల ఎత్తు నుంచి మునిగేదాకా లెక్కేస్తే ఇరవై నాలుగు నిమిషాలు. మునిగాక మిగిలే నీలి వెలుగు ఇంకో ఇరవై నిమిషాల పైచిలుకు. అంతే. మధ్యలో చిన్నోడికి బాత్రూమ్ వచ్చిందంటే ఆ పూట సన్‌సెట్ గోవిందా.

ఇదంతా చూసి మొదట్లో నేను కూడా "అయ్యో, ఇంత తక్కువా" అనుకున్నాను. తర్వాత తట్టింది, ఇంట్లోవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే అదృష్టం లేదని. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తప్ప మిగతా పగలంతా మొహాల మీద పడే వెలుతురు ఎలాగూ పనికిరాదు. అంటే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కెమెరా గదిలో పడుకోవచ్చు, నేను అమ్మగా ఉండొచ్చు. పైగా భూమధ్యరేఖ దగ్గర ఏ నెలలో వెళ్లినా పగలు కాస్త అటూ ఇటూగా పన్నెండు గంటలే. ఉత్తరాది దేశాల వేసవిలోలాగా సూర్యోదయం కోసం నాలుగింటికి పిల్లల్ని లేపక్కర్లేదు. ఫొటోల పిచ్చికీ కుటుంబానికీ మధ్య గొడవ ఎలా తీర్చాలో సూర్యుడే చెప్పేస్తున్నాడు, మనమే వినం.

అందుకే నా ఫ్రెండ్‌కి నేను చెప్పింది ఒకటే. రోజుకి ఒక్క పూట. పొద్దున తీస్తే సాయంత్రం తీయకు, సాయంత్రం తీస్తే పొద్దున అందర్నీ పడుకోనివ్వు. ఆరు రోజులకి ఆరు పూటలు, అందులో రెండు వానకి పోతాయనుకో. నాలుగు మిగులుతాయి. నాలుగు మంచి సాయంత్రాలు చాలవా? పందొమ్మిది లొకేషన్లు ఎవరికి చూపించడానికి?

లొకేషన్ల కంటే ముందు చూసుకోవాల్సింది గది ఏ దిక్కున ఉందో. హోటల్ పేజీలో "సీ వ్యూ" అని రాస్తారు, ఏ సముద్రం, ఏ వైపు అన్నది రాయరు. మేం మొదటిసారి తూర్పు ఒడ్డున దిగాం. రోజూ సన్‌సెట్ కోసం అందర్నీ కారెక్కించి గంట ప్రయాణం చేసి పడమటి ఒడ్డుకి వెళ్లడం, అక్కడికి చేరేసరికి ఒకరు నిద్ర, ఒకరు వాంతి. మ్యాప్ తెరిచి దిక్కు చూసుకోవడానికి అర నిమిషం కూడా పట్టదు. కొండలున్న దీవైతే ఇంకో సంగతి కూడా ఉంది. గాలి ఎటునుంచి వీస్తుందో ఆ వైపున వానలు, పెద్ద అలలు. కొండకి అవతలి వైపు పొడిగా, నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. చిన్నపిల్లలుంటే ఆ అవతలి వైపే మేలు.

తర్వాత ఆటుపోట్లు. దీని గురించి ఎవరూ చెప్పరెందుకో. హోటల్‌వాళ్లు పెట్టిన ఫొటో నిండు పోటులో తీసింది. మీరు వెళ్లిన టైమ్‌కి ఆటు ఉంటే నీళ్లు ఎక్కడో దూరంగా, మధ్యలో నాచుపట్టిన రాళ్లు. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి, రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే ఇవాళ సాయంత్రం ఆరింటికి తడి ఇసుక అద్దంలా మెరుస్తుంటే, "రేపు అందర్నీ తెచ్చి ఇక్కడే తీద్దాం" అనుకుంటే కుదరదు. రేపు ఆ అద్దం ఏడింటికి వస్తుంది, అప్పటికి చీకటి. ఆ ఊరి టైడ్ టేబుల్ (ఆటుపోట్ల టైమ్‌ల పట్టిక) ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ముందే ఆరు రోజులకీ చూసుకోండి. ఆటు సమయం కూడా దండగ కాదు లెండి. రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, చిన్న చేపలు మిగిలిపోతాయి, మా పిల్లలు గంటన్నర అక్కడే వంగి కూర్చున్నారు. పగడం మీద మాత్రం కాలు వేయనివ్వకండి, అది రాయి కాదు, ప్రాణం ఉన్నది.

ఇప్పుడు నా పరువు తీసిన సంగతి చెప్తాను. మూడో రోజు తెల్లవారుజాము. బతిమాలి, బామాలి అందర్నీ లేపాను. ఏసీ గదిలోంచి కెమెరా పట్టుకుని బయటికొచ్చి కన్ను పెట్టి చూస్తే అంతా పాలు ఒలికినట్టు తెలుపు. లెన్స్ మీద మంచు. తుడిచాను. నాలుగు సెకన్లలో మళ్లీ కమ్మేసింది. మళ్లీ తుడిచాను, మళ్లీ అంతే. చల్లటి గాజుకి తేమ గాలి తగిలితే నీళ్లు పడతాయని ఎనిమిదో క్లాసులో చదువుకున్నదే, బుర్రకి రావద్దూ? వెనకాల సూర్యుడు వచ్చేస్తున్నాడు, నేను చీర కొంగు, టిష్యూ, మా ఆయన బనీను, ఏది దొరికితే దాంతో రుద్దుతున్నాను. ఈలోగా చిన్నోడు దగ్గరికొచ్చి, లెన్స్ ముందున్న ఫిల్టర్ మీద వేలితో రెండు కళ్లు, ఒక నవ్వు గీశాడు. చెయ్యెత్తాను. వాడి మొహం చూసి దించేశాను. ఆ ట్రిప్‌లో అందరూ కలిసి పగలబడి నవ్వింది అప్పుడే, దానికి ఫొటో లేదు.

దీనికి మందు చాలా తేలిక. రాత్రే కెమెరాని జిప్ కవర్లో పెట్టి సీల్ చేయండి, బయటికెళ్లే అరగంట ముందు ఆ కవర్‌ని బాల్కనీలో పెట్టండి. నీళ్లు కవర్ మీద పడతాయి, గాజు మెల్లగా వేడెక్కుతుంది. పిల్లలు బాల్కనీలోకి పోకుండా తలుపు మాత్రం చూసుకోండి.

సామాను గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒక్క జూమ్ లెన్స్ చాలు, బీచ్‌లో లెన్స్ మార్చడం అంటే ఇసుకని ఇంట్లోకి పిలిచినట్టే. ఉప్పు తుంపర పడితే ముందు మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డ, ఆ తర్వాతే పొడి గుడ్డ. వెంటనే పొడి గుడ్డ పెట్టి రుద్దితే ఇసుక గీతలు గ్యారంటీ. స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టనివ్వరు. డ్రోన్ వద్దు. కొన్ని దేశాల్లో అనుమతి లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు, అనుమతి ఉన్నా పక్కవాళ్ల ప్రశాంతత మీద ఆ గుయ్యిమనే చప్పుడెందుకు? సన్‌స్క్రీన్ కొనే ముందు మాత్రం వెళ్లే చోటి రూల్స్ చూడండి. పగడాలకి హాని చేస్తాయని పలావు దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి కొన్ని రసాయనాలున్నవాటిని నిషేధించాయి.

డబ్బు పెట్టాలనిపిస్తే ఒక్క పోలరైజర్ ఫిల్టర్ మీద పెట్టండి. లెన్స్ ముందు తిప్పుతుంటే నీటి మీది మెరుపు పోయి అడుగున రాళ్లు కనపడతాయి. ఆ మార్పు చూడ్డానికి పిల్లలు క్యూ కడతారు, అదే ఒక ఆట. సూర్యుడు మన పక్కన ఉన్నప్పుడు ఆకాశం బాగా ముదురుతుంది, ఎదురుగానో వెనకగానో ఉంటే పెద్ద తేడా ఉండదు. వెలుతురు తినేస్తుంది కాబట్టి చీకటి పడేటప్పుడు తీసేయండి. తెల్ల ఇసుకలో కెమెరా మోసపోయి అంతా బూడిదరంగుకి దింపేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోండి. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి, మా ఆయన ఇవేవీ తెలియకుండా ఫోన్‌తో తీసిన వాటిలో కొన్ని నావాటికంటే బాగున్నాయి. ఆయన ఈ పోస్ట్ చదవరు కాబట్టి రాస్తున్నా.

నవ్వు గురించి కూడా చెప్పాలి. "స్మైల్" అంటే పిల్లలు పళ్లు చూపిస్తారు, నవ్వరు. రెండోసారి వెళ్లినప్పుడు నేను వాళ్లని తెల్ల ఇసుకలో కూర్చోబెట్టి ఒక నిజం చెప్పాను. ఇలాంటి పగడపు దీవుల ఇసుకలో చాలావరకు ప్యారట్‌ఫిష్ అనే చేపలు పగడాన్ని కొరికి నమిలి, వెనకనుంచి వదిలిందే. "అంటే మనం చేప పెంటలో కూర్చున్నామా?" అంది పెద్దది. చిన్నోడు ఇసుకలో దొర్లి దొర్లి నవ్వాడు. ముప్పై సెకన్లలో తీసిన ఆ నాలుగు ఫొటోలే ఇప్పుడు మా హాల్లో ఉన్నాయి.

ఆ ట్రిప్‌లోనే ఒక మధ్యాహ్నం, కెమెరా గదిలో ఉండాల్సిన టైమ్‌లో, అత్తయ్య ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చున్నారు. మొహానికి గొడుగు నీడ, కింద ఇసుక నుంచి పైకి తగిలే మెత్తటి వెలుగు. స్టూడియోలో లైట్లు పెట్టి తంటాలు పడేది ఇదిగో ఇలాంటి వెలుతురు కోసమే. పరుగెత్తి కెమెరా తెచ్చి, "అత్తయ్యా, ఒక్కటి తీయనా?" అని అడిగాను. "గొడుగు తీసేయనా?" అన్నారు. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఇంకొకటి, ఆడవాళ్లకి ముఖ్యంగా. మొదటి ట్రిప్‌లో నేను తీసినవి పదకొండు వందల పైన. అందులో నేనున్నవి నాలుగు, ఒకదాన్లో సగం చెయ్యే ఉంది. తీసేవాళ్లు ఫొటోలో ఉండరు, ఎప్పుడూ ఇంతే. రెండోసారి కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఐదు సెకన్లకోసారి దానంతటదే తీసేలా సెట్ చేసి నీళ్లలోకి దిగిపోయాను. రెండు వందల్లో నూట తొంభై పనికిరావు. మిగిలిన పదిలో నేనున్నాను, జుట్టు తడిసి, చిన్నోడిని ఎత్తుకుని. ఒక సాయంత్రం పెద్దదాని చేతికి కెమెరా ఇచ్చి పట్టీ మెడలో వేశాను. సముద్రం ఒక పక్కకి ఒరిగిపోయింది, ఎవరి తలా పూర్తిగా లేదు, మామయ్యగారి చెప్పులు మాత్రం ఎనిమిది ఫొటోలు. ఎందుకే అంటే, "తాతయ్య చెప్పులు ఇసుకలో బాగున్నాయి" అంది. బాగానే ఉన్నాయి మరి.

ఇదంతా టైప్ చేసి ఫ్రెండ్‌కి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది. లొకేషన్లు పందొమ్మిది నుంచి ఐదుకి తగ్గించిందట, గది పడమటి ఒడ్డుకి మార్చిందట, అత్తగారికి మంచి గొడుగు కొంటుందట. బట్టల కాలమ్ మాత్రం అలాగే ఉంది. అదేంటే అని అడిగితే, "ఆరుగురికీ మ్యాచింగ్ డ్రెస్సులు ఆర్డర్ పెట్టేశానే, రిటర్న్ డేట్ అయిపోయింది" అంది.