సుబ్బారావుగారి నామినేషన్ తిరస్కరించడమైనది

జనవరి 12, జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టినరోజు, వచ్చిందంటే ఫోన్లలో ఒకటే గోల: ఆయనకు నోబెల్ ఎందుకివ్వలేదు? ఎందుకిస్తారండీ, కాగితాలు సరిగ్గా ఉంటేగా! స్వీడన్ దాకా దేనికి, ఆ ఫైలు మన దేశంలో శాస్త్రవేత్తలకిచ్చే శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి కమిటీ ముందు, దాని పాత నియమాల ప్రకారం, పెట్టి చూద్దాం. ఆయన పోయింది 1948లో, బహుమతి పెట్టింది 1957లో. ఈ స్వల్ప లోపాన్ని మన్నించడమైనది.

వయసు 45 దాటకూడదు. 1895లో భీమవరంలో పుట్టిన అభ్యర్థికి 1940 జనవరితోనే గడువు తీరింది. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీ 1945, హెట్రజాన్ అనే మందు 1947. అంటే రెండూ వృద్ధుల కాలక్షేపం. పైగా పని ముఖ్యంగా భారతదేశంలో జరగాలి. అభ్యర్థి పనిచేసిన అమెరికా ఏ జిల్లాలో ఉందో తేలలేదు.

మిగిలింది 1925 నాటి, రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి. రక్తంలో ట్రైక్లోరోఅసెటిక్ ఆమ్లం పోసి ప్రొటీన్లను దించి, వడకట్టి, మాలిబ్డేట్, ఆపైన అమైనోనాఫ్తాల్‌సల్ఫానిక్ ఆమ్లం కలపాలి. భాస్వరం ఎంతుంటే అంత నీలం. గాజుసామాను ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో కడిగితే అదీ నీలమై లెక్క చెడగొడుతుంది. కండరాల రసంలో మాత్రం ఆ నీలం తాపీగా ముదిరింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారు. హార్వర్డ్‌లో కలిసి పనిచేసిన ఫిస్క్, సుబ్బారావు వదల్లేదు: ఏదో పదార్థం ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోంది. అదే కండరాలు శక్తికి వాడుకునే ఫాస్ఫోక్రియాటిన్, 1927.

"రంగు ఆలస్యమైందని అభ్యర్థే ఒప్పుకున్నారు, లోపంగా నమోదు చేయండి" అన్నారు ఒక సభ్యులు. మొదటి పేరు ఫిస్క్‌ది కాబట్టి రెండో పేరుకు మార్కులు సగమా, పావా అన్న చర్చ రెండో టీ దాకా సాగింది. సిఫార్సు లేఖ అడిగారు. అది అభ్యర్థే రాసుకుని పెద్దవారి చేత సంతకం పెట్టించుకోవాలన్న లోకజ్ఞానం కూడా లేదాయె!

1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలు 16 మందికి అమైనోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మంది, కొన్నాళ్లకే అయినా, తేరుకున్నారు. ఆ మందు లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో సుబ్బారావు బృందం చేసిపంపింది. 1966లో ఫార్బర్‌కు వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. అర్హుడే, పేచీ లేదు.

పేచీ మనతోనే. హెట్రజాన్ అంటే బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటికి ఆశా కార్యకర్త తెచ్చే బోదకాలు మాత్ర, డీఈసీ. గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవారు తప్ప పదిహేనేళ్లు నిండినవారికి 100 మిల్లీగ్రాములవి మూడు, ఏదైనా తిన్నాక, ఆమె కళ్లముందే మింగాలి. నోబెల్ ఏదని వీరంగం వేసే మనిషే "తర్వాత వేసుకుంటాలే" అని వాటిని కిటికీలో పడేస్తాడు. సిగ్గుండాలి! బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు ఒంట్లో చస్తున్నప్పుడు కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. వస్తే మందు పనిచేస్తున్నట్టే. మింగండి!