పాత బోటు కాక్‌పిట్‌కి ఫోమ్ అతికిస్తే పని అయిపోదు

ఫ్లోరిడాలో గానీ న్యూజెర్సీ, నార్త్ కరోలైనా తీరాల్లో గానీ డెబ్బైల నాటి, ఎనభైల నాటి స్పోర్ట్‌ఫిషింగ్ బోటు కొన్నవాళ్లకి ఎవరో ఒకరు ఈ సలహా ఇచ్చే ఉంటారు: కాక్‌పిట్ (బోటు వెనక భాగంలో నిలబడి చేపలు పట్టే చోటు) నేల పగుళ్లు పట్టిందా, రంగు పోయిందా, కంగారొద్దు. ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ ఫోమ్ షీట్లు కొలతకి కోయించి అతికించెయ్యి, కింద ఏమున్నా కనపడదు, నీళ్లు దిగడం ఆగిపోతుంది, కాలికి చల్లగా ఉంటుంది, జారదు, ఏళ్ల తరబడి చూసుకోవాల్సిన పని లేదు, శని ఆదివారాల్లో పని పూర్తి. పెయింట్ పాతకాలం పద్ధతి, టేకు డబ్బున్నవాళ్ల సరదా అని చివర్లో ఒక ముక్క కూడా కలుపుతారు.

ఇందులో ఫోమ్ కాలికి హాయిగా ఉంటుందన్నది నిజం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గట్టి ఫైబర్‌గ్లాస్ మీద నిలబడినవాళ్ల మోకాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. మిగతా మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు, ఒకటి మాత్రం ప్రమాదం. ముందు ఆ ప్రమాదకరమైన దాని సంగతి చూద్దాం.

"కింద ఏమున్నా కనపడదు" అంటారు. నా బాధంతా ఆ మాట గురించే. ఆ కాలం బోట్లలో చాలావాటి డెక్, అంటే నడిచే నేల, ఒకే మందంలో పోసిన గట్టి ఫైబర్‌గ్లాస్ కాదు. పైన ఒక పలుచటి ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకొకటి, మధ్యలో కోర్‌గా బాల్సా అనే తేలికపాటి చెక్క గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. ఆ మూడూ అంటుకుని ఉన్నంతకాలమే దానికి బలం. మధ్యలో చెక్కకి తడి తగిలి చివికిందంటే పై పొరకి ఆసరా పోతుంది, అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. ఇప్పుడు కాక్‌పిట్‌లో జరిగే పని తలుచుకోండి. పెద్ద చేప గాలానికి పడ్డాక మనిషి తన బరువంతా కాళ్ల మీద వేసి వెనక్కి లాగుతాడు, బోటు అలలకి ఎగిరి పడుతుంటుంది, ఫైటింగ్ చైర్ (పెద్ద చేపని లాగేటప్పుడు కూర్చునే, డెక్‌కి బిగించిన కుర్చీ) ఉంటే ఆ లాగుడంతా దాని స్తంభం గుండా డెక్‌లోకే వెళ్తుంది. చివికిన నేల మీద ఈ పని చేయించడమే తప్పు, పైగా మెత్తటి ఫోమ్ వేస్తే నేల మెత్తబడిన సంగతి కాలికి తెలియకుండా పోతుంది. ఫోమ్ మెత్తదనం ఏదో, డెక్ మెత్తదనం ఏదో ఎవరు చెప్పగలరు?

కాబట్టి ఏ కవరింగ్ అన్నది ఆఖరి ప్రశ్న, మొదటిది కాదు. మొదట చెయ్యాల్సింది నేలంతా తట్టి చూడటం. ప్లాస్టిక్ సుత్తి గానీ స్క్రూడ్రైవర్ పిడి గానీ చాలు. బాగున్న చోట ఖణేల్‌మని మోగుతుంది, పాడైన చోట శబ్దం మొద్దుబారుతుంది, ఆ తేడా ఎవరికైనా చెవికి తెలిసిపోతుంది. మొద్దు శబ్దం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో చుట్టూ గీత గీసుకుంటూ పోండి, మచ్చ ఎంత మేరకి పాకిందో అదే బయటపడుతుంది. తేమ మీటర్ ఉంటే మంచిదే గానీ కింద లోహం ముక్కో నీళ్ల ట్యాంకో ఉంటే అది తప్పు చెబుతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఇంకా అనుమానంగా ఉంటే కింది వైపు నుంచి, పై పొర దాకా పోకుండా, చిన్న రంధ్రం వేసి డ్రిల్ బిట్‌కి అంటుకుని వచ్చిన పొట్టు చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే మంచిది. నల్లగా తడి ముద్దలా వస్తే అక్కడ కోర్ పోయినట్టే, ఫోమ్ షీట్ ఆర్డర్ పెట్టే ఆలోచన అక్కడితో ఆపండి.

దీనికి తోడు ఇంకో సలహా చెబుతారు, రంధ్రాలు వేసి ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు ఎక్కించెయ్యమని. తడిసి ఉన్న చెక్కకి ఎపాక్సీ సరిగా అంటదు, తడి లోపలే బందీ అవుతుంది. మచ్చ పెద్దదైతే పై పొరని కోసి ఎత్తి, చివికిన చెక్కంతా తీసి, ఆరబెట్టి, కొత్త కోర్‌ని చిక్కటి ఎపాక్సీలో పరిచి, పొరని మళ్లీ పెట్టి అంచుల్ని ఏటవాలుగా చెక్కి ఫైబర్‌గ్లాస్ వెయ్యాలి. దుమ్ము, దురద, శ్రమ అన్నీ ఉన్న పనే. కానీ ఒకసారి చేస్తే అయిపోతుంది.

"నీళ్లు దిగడం ఆగిపోతుంది" అన్నది రెండో మాట. డెక్ మధ్యలో చదునుగా ఉన్న చోట నుంచి నీళ్లు దిగడం అరుదు. దిగేది స్క్రూలు, బోల్టులు ఉన్న చోట: చైర్ స్తంభం అడుగున, హ్యాచ్ (నేలలో తెరిచే మూత) కీళ్ల దగ్గర, పాత యజమాని ఎవరో ఏదో బిగించి తర్వాత పీకేసిన రంధ్రాల దగ్గర. ఫోమ్ వీటి చుట్టూ కోసి వేస్తారు కాబట్టి నీళ్లు వచ్చే దారి ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది. దానికి మందు వేరే ఉంది. బోల్టు తీసి, రంధ్రాన్ని పెద్దది చేసి, చుట్టూ కోర్ కొంత తవ్వి తీసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ రంధ్రం వేసి సీలెంట్‌తో బిగించాలి. అప్పుడు సీలెంట్ ఎప్పుడైనా ఓడిపోయినా తడి చెక్క దాకా పోదు.

శని ఆదివారాల్లో పూర్తి అన్న మాట కొత్త బోటుకి సరిపోతుందేమో. ఫైబర్‌గ్లాస్ మీది పాత జెల్‌కోట్ పూత సుద్దలా రాలుతుంటుంది, పైన ఏళ్ల నాటి మైనం, చేప నూనె పట్టి ఉంటాయి. పాత డెక్ మీద అచ్చులోనే పోసిన గరుకు గళ్లు లోతుగా ఉంటే జిగురు ఎత్తుల మీద మాత్రమే అంటుకుంటుంది, పల్లాల్లోకి నీళ్లు పాకి, ముందు అంచులు లేస్తాయి, తర్వాత షీటే లేస్తుంది. ఆ గళ్లని అరగదీసి, నింపి, నునుపు చేసి అప్పుడు అతికించాలి. అంత పని చేశాక నేల పెయింట్‌కి కూడా సిద్ధమైపోయి ఉంటుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు! ఫోమ్ మార్చాల్సి వచ్చిన రోజు పాత జిగురు గీకడం ఎంత విసుగు పనో అదీ చెప్పరు. హీట్ గన్, గీకుడు పలక, సాల్వెంట్ పట్టుకుని మోకాళ్ల మీద గంటలు గంటలు కూర్చోవాలి.

చల్లగా ఉంటుందా అంటే అది రంగుని బట్టి. జూలైలో ఫ్లోరిడా ఎండకి ముదురు బూడిద రంగు గానీ, టేకులా కనపడే గోధుమ రంగు గానీ వేస్తే వట్టి కాలితో నిలబడలేరు. లేత రంగు ఎంచుకుంటే ఫోమ్ అయినా పెయింట్ అయినా నయమే. మరీ తెలుపైతే నీళ్ల మీది ఎండతో కలిసి కళ్లు చెదురుతాయి, అందుకే లేత బూడిద, మీగడ రంగులు అలవాటయ్యాయి.

ఇక చూసుకోవాల్సిన పని లేదన్న మాట. విహారానికి వెళ్లే బోటుకి అనుకుంటే సరే. చేపల బోటులో గాలం కొక్కేలు గుచ్చుకుంటాయి, చేపని పైకి లాగే గాఫ్ కొక్కెం మొన తగులుతుంది, సీసం గుండు జారి పడుతుంది, చేప ముళ్లు దిగబడతాయి. ఫోమ్ కోసుకుపోతుంది. సన్‌స్క్రీన్ మరకలు పడతాయి, టేకు పలకల్లా కనపడటానికి పెట్టిన గాడుల్లో రక్తం, పొలుసులు ఇరుక్కుని ఎండితే బ్రష్‌తో ఎంత తోమినా వాసన పోదు. గరుకు పెయింట్‌కి ఇవి లేవని కాదు, కానీ దెబ్బ తగిలిన చోట అరగదీసి అక్కడికక్కడ మళ్లీ పూసుకోవచ్చు. రెండు భాగాలు కలిపే పాలీయురితేన్‌లో పాలిమర్ పూసలు వేసి రోల్ చేసినది గట్టిగా నిలుస్తుంది, అయితే అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, తగిన కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ లేకుండా ముట్టుకోకండి. అంత తలనొప్పి వద్దనుకుంటే కివీగ్రిప్ లాంటి నీటి ఆధారిత యాక్రిలిక్ ఉంది, దాని రోలర్‌తోనే గరుకు వచ్చేస్తుంది. దీన్ని పాతకాలం అనడం ఏమిటో నాకు అర్థం కాదు.

టేకు గురించి క్లుప్తంగా. తడిసినా కాలికి పట్టు ఇస్తుంది, అందం సంగతి చెప్పక్కర్లేదు. కానీ పాత బోట్లలో టేకు పలకల్ని స్క్రూలతో డెక్‌లోకి బిగించేవాళ్లు, పలక అరిగి స్క్రూ తలల మీది చెక్క బిరడాలు ఊడాక ఒక్కో స్క్రూ కోర్‌లోకి నీళ్ల దారి అవుతుంది. ఇప్పుడు వేయిస్తే స్క్రూలు లేకుండా ఎపాక్సీతో అతికించే పద్ధతిలోనే వేయించండి. టేకు అమ్మే మయన్మార్ ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా 2021 ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టింది కాబట్టి చెక్క ఎక్కడిదో అడిగి తెలుసుకోవాలి.

నన్నడిగితే పాత చేపల బోటు కాక్‌పిట్‌కి గరుకు పెయింట్, దాని మీద ఎక్కువసేపు నిలబడే చోట, అంటే వెనక గోడ దగ్గరా స్టీరింగ్ దగ్గరా, తీసి కడుక్కోగలిగే మందపాటి చాపలు. ఫోమ్ ఇచ్చే హాయి దొరుకుతుంది, కింద నేల ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. కాదు, అతికించే ఫోమే కావాలంటే నేల గట్టిదని తేలాకే వేయించండి, స్కప్పర్లకి (డెక్ మీది నీళ్లు బయటికి పోయే రంధ్రాలకి) నీళ్లు పోయే దారిలో అంచు అడ్డం రాకుండా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, చుక్కాని భాగాలు చూసుకోవడానికి ఉన్న హ్యాచ్ మీదుగా ఒకే షీట్ పరిచి మూసేయనివ్వకండి. సముద్రంలో చుక్కాని గొట్టం దగ్గర నీళ్లు కారుతుంటే ముందు ఫోమ్ కోసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

పెయింట్ వైపు మొగ్గితే ముందు ఒక ప్లైవుడ్ ముక్క మీద పూసి, ఆరాక నీళ్లూ కాస్త చేప నూనే పోసి దాని మీద నిలబడి చూడండి, మోకాలు ఆనించి కూడా చూడండి. చేపని పక్కకి లాగి పట్టుకునేటప్పుడు మోకాళ్ల మీదే ఉంటారు, గరుకు మరీ ఎక్కువైతే చర్మం లేచిపోతుంది. ఆ ముక్క మీద పూసలు తగ్గించడం తేలిక, డెక్ అంతా పూశాక కాదు.