ఇల్లరికపు అల్లుడు దేవగన్నేరు గారికి అత్తగారు రాయు ఉత్తరం

మ.రా.రా.శ్రీ అల్లుడు దేవగన్నేరు గారికి,

ఉభయకుశలోపరి. అలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. కుశలమంతా మీ వైపే ఉంది. మా వైపు ఉన్నవి నడుం నొప్పి, ఎంత తోమినా వదలని వేపనూనె వాసన, అపార్ట్‌మెంట్ కమిటీవాళ్లు పంపిన ఒక నోటీసు. అత్తగారు అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడడం మా ఇంట్లో మర్యాద కాదు. అందుకని ఈ ఉత్తరం.

మాకు ఆడపిల్లలు లేరు. ఉన్న ఒక్క కొడుకూ డాలస్‌లో స్థిరపడ్డాడు. అల్లుడికి మర్యాదలు చేసే యోగం ఈ జన్మకి లేదనుకున్నాను. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి రాజమండ్రిలో మా చెల్లెలింటికి వెళ్లి, వస్తూ వస్తూ కడియపులంక నర్సరీల దగ్గర ఆగాను చూడండి, దాంతో ఆ లోటు తీరిపోయింది. సంబంధం కుదిర్చింది నర్సరీ కుర్రాడు. "మొండి చెట్టమ్మా, ఎక్కడ పెట్టినా బతుకుతుంది, ఏమీ అడగదు" అన్నాడు. కుర్రాడికి ఏ అలవాట్లూ లేవండీ అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పినప్పుడు ఎంత నమ్మాలో అంతే నమ్మి ఉంటే బాగుండేది.

అప్పటి మీ రూపం మీకు గుర్తుందో లేదో. మూరెడు బూడిదరంగు కర్ర. ఆకు లేదు, వేరు లేదు, ఒక చివర పాలు కారి ఆరిన మరక. రైల్లో పక్కసీటాయన "మోకాళ్ల నొప్పులాండీ?" అని జాలిగా అడిగాడు.

అసలు ఆ రోజు నేను తెచ్చింది రెండు కొమ్మలు. మీ అన్నగారు ఇప్పుడు లేరు. నేనే చంపాను. నీళ్లు పోసి చంపాను. కోసిన కొమ్మని వారం పది రోజులు నీడలో ఆరబెట్టి, ఆ గాయం ఎండి గట్టిపడ్డాకే మట్టిలో పెట్టాలట. పెట్టాక కూడా ఆకు తొడిగేదాకా నీళ్లు చాలా పొదుపుగా పోయాలట. ఇంటికొచ్చినవాడికి ముందు మంచినీళ్లివ్వాలని తప్ప, ఇవ్వకూడదని నాకు ఏ పెద్దవాళ్లూ నేర్పలేదు. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు. మూడో వారానికి పట్టుకుంటే మగ్గిన అరటిపండులా వేలు దిగిపోయింది.

మీరు బతికింది నా మతిమరుపు వల్ల. పాత పేపర్ల కట్ట వెనక నెలన్నర పడి ఉన్నారు. పేపర్లు అమ్ముదామని కట్ట లాగితే మీరు బయటపడ్డారు. మట్టి లేదు, నీళ్లు లేవు, అయినా చివర పచ్చగా ఒక మొలక! ఆ రోజు నాకు పాఠం అర్థమైందనుకుంటున్నారా? లేదు. జాలేసింది. అయ్యో, అల్లుడిగారికి ఇన్నాళ్లూ అన్నం పెట్టలేదే అని.

ఆ తర్వాత మూడేళ్లు మీకు జరిగిన మర్యాదలు ఈ వీధిలో ఏ అల్లుడికీ జరగలేదు. ఇసుక, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన మెత్తటి పరుపు. బియ్యం కడిగిన నీళ్లు, అరటితొక్కలు నానబెట్టిన నీళ్లు, పుల్ల మజ్జిగ. ఎండ కన్నెరగకుండా ఉత్తరం వైపు బాల్కనీలో నివాసం. మీరేమో జానెడు పొడవు ఆకులేసుకుని ఏపుగా పెరిగారు. పువ్వు మాత్రం లేదు. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయని, మీకు రోజుకి ఆరు గంటలు తిన్నగా ఎండ పడాలని, ఎముకల పొడి లాంటిది వేస్తే పూతకి మంచిదంటారని తర్వాత తెలిసింది. నా చేతి వంట తిని పొట్ట పెంచారే గానీ ఉద్యోగంలో చేరలేదన్నమాట.

మా అత్తగారికి మీరంటే మొదట్నుంచీ గిట్టదు. "పాలు కారే చెట్టు ఇంట్లో ఉండకూడదే" అని వాస్తు చెప్పింది. పేరులోనే దేవుడున్నాడు కదా అత్తయ్యా అని వాదించాను. రెండో ఏడు వానాకాలంలో మీ ఆకుల అడుగున నారింజరంగు పొడి పడింది. అది చూసి ఆవిడ మనసు మారిపోయింది. సాయిబాబా పటం నుంచి విభూతి రాలినట్టు చెట్టు నుంచి కుంకుమ రాలుతోందని ఆ పొడి కళ్లకద్దుకుని, కింది ఫ్లోర్ వాళ్లని కూడా పిలిచి చూపించింది. అది తుప్పు తెగులు, బూజు జాతిది, తెగులు పట్టిన ఆకులన్నీ ఏరి దూరంగా పారేయాలి అని ఆవిడకి చెప్పే ధైర్యం ఈ రోజుకీ నాకు లేదు. రాత్రిపూట దొంగచాటుగా ఏరాను. తుంచిన ప్రతిచోటా కారిన పాలతో మోచేతుల దాకా దురద.

పెళ్లికి ముందు చేయాల్సిన విచారణ అప్పుడు చేశాను. మీది మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు అట. ఈ గుళ్లో పుట్టినట్టు, ఈ మట్టిలోనే పెరిగినట్టు ఏం నటన! ప్లుమేరియా అనే ఇంటిపేరు కూడా మీది కాదు. 1646లో పుట్టి 1704లో పోయిన షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి పేరు తగిలించుకున్నారు. ఆయన మొక్కల కోసం ఆ దీవులన్నీ తిరిగినవాడు. ఫ్రాంజిపానీ అన్న ముద్దుపేరేమో చేతితొడుగులకు అత్తరు పట్టించిన ఒక ఇటలీ జమీందారీ కుటుంబానిదంటారు. నికరాగువాకి జాతీయ పుష్పం మీరే, లావోస్‌కీ మీరే. బాలిలో దేవుడి ముందు నైవేద్యంలో ఉంటారు. మలేసియాలో మీ వాసన గుప్పుమంటే ఆడదెయ్యం వచ్చిందని తలుపులేసుకుంటారట. దేవుడి పార్టీలోనూ దెయ్యం పార్టీలోనూ ఒకేసారి సభ్యత్వం ఉన్న మనిషిని, క్షమించాలి, చెట్టుని, నేను ఇంకెక్కడా చూడలేదు. ఇక్కడ కూడా తక్కువేం కాదు. స్పా బోర్డు మీద మీ బొమ్మే, షాంపూ డబ్బా మీద మీ బొమ్మే, ఈ మధ్య పెళ్లిమంటపాల్లో గుమ్మం దగ్గర ఇత్తడి ఉరుళిలో తేలేదీ మీరే. అయినా మా జడలోకి మాత్రం మల్లెపువ్వునే రానిచ్చాం. ఆ విషయంలో మా జాతికి కొంచెం తెలివి మిగిలి ఉంది.

ఇక మీ నిద్ర. ధనుర్మాసంలో ఊరంతా తెల్లవారకముందే లేచి ముగ్గులేస్తుంటే మీరు దుప్పటి ముసుగేస్తారు. కార్తీకం వెళ్లేసరికి ఆకులు పసుపెక్కుతాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే రాలతాయి, చివరికి జింక కొమ్ములు కుండీలో గుచ్చినట్టు మిగులుతారు. మొదటి చలికాలం మీరు పోయారనే అనుకున్నాను. బెరడు గోటితో గీరి చూడు, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే అని చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ ఆగక రోజూ గీరాను. సంక్రాంతి వచ్చేసరికి మీ ఒంటి మీద గీరని చోటు లేదు. ఆ నిద్రలో నీళ్లు అడగరని, పోస్తే వేరు కుళ్లుతుందని తెలిసి కూడా, పైనున్న శివలింగానికి పోసినట్టు ఓ ఉద్ధరిణెడు పోస్తూనే ఉన్నాను. చేయి ఊరుకోదు.

డాలస్‌లో కోడలు కూడా మీ వంశంలోవాడినే పోషిస్తోంది. అక్కడ చలికి మీవాళ్లు తట్టుకోలేరని నవంబరు నుంచి గరాజ్‌లో పడుకోబెడతారు. కొందరైతే మట్టి దులిపేసి ఉత్త వేళ్లతోనే మూలన నిలబెడతారట, వసంతంలో మళ్లీ పాతితే లేచి కూర్చుంటారట. మా వాడి కారు మాత్రం బయట మంచులో వణుకుతూ ఉంటుంది. కారుకి ఇంకా ఈఎంఐ కడుతున్నాడు.

మీ తోడల్లుడి సంగతి ఎత్తితే మీకు కోపమొస్తుందని తెలుసు. అయినా ఎత్తుతాను. మెయిన్ రోడ్డు డివైడర్ మీద ఉంటారే, నాగచంపా అని నర్సరీల్లో అమ్ముతారు, గరిటెలాంటి ఆకు, తెల్లటి పూల గుత్తులు. లారీల పొగ మింగుతూ, ట్యాంకర్ వస్తే తాగి రాకపోతే ఊరుకుని, ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటారు. వాసన ఉండదు. నిజమే, బుద్ధిమంతులైన అల్లుళ్లకి సాధారణంగా వాసన ఉండదు.

కిందటేడు ఆరు నెలలు అమెరికా వెళ్లాం కదా. మిమ్మల్ని వాచ్‌మన్‌కి అప్పగించి, నాలుగు పేజీల సూచనలు రాసిచ్చాను. తిరిగొచ్చేసరికి బాల్కనీలో మీరు లేరు. టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, మూడు కొమ్మల నిండా పూలు! తెలుపు, మధ్యలో పసుపు, అల్లుడి తలపాగాలాగా. సూచనల కాగితం మడతపెట్టి కుండీ కింద చెక్కి ఉంది, కుండీ ఊగకుండా. మీరు బట్టలారేసే తీగకి అడ్డొస్తున్నారని పైకి మోశాడట. మోస్తుంటే మెట్ల మీద మీ తల విరిగిందట. విరిగిన చోట ఒక్కటి పోయి మూడు చిగుళ్లు వచ్చాయి, మూడింటికీ ఎండ తగిలింది, మూడూ పూశాయి. నేను మూడేళ్లలో చేయలేనిది ఆయన ఒక్క జారుడుతో చేశాడు. విరిగిన ముక్కని వాళ్లావిడ పెయింట్ బకెట్‌లో గుచ్చింది. అదీ పూసింది. ఆవిడ దానికి ఏమేస్తోందని అడిగాను. "దానికేమేస్తామమ్మా" అంది.

కమిటీ నోటీసు ఆ టెర్రస్ గురించే. ఉమ్మడి స్థలంలో సొంత అల్లుడిని కాపురం పెట్టకూడదట.

చివరిగా ఒక్క మాట అడగాలి. మీ పువ్వులో తేనె చుక్క కూడా ఉండదటగా? చీకటి పడ్డాక వాసన పెంచి, పొడవాటి నాలుకున్న ఆ పెద్ద చిమ్మటలని పిలుస్తారట. అవి ఈ పువ్వులో లేకపోతే ఆ పువ్వులో ఉంటుందని తిరిగి తిరిగి, మీ పుప్పొడి మోసి, ఖాళీ కడుపుతో వెళ్లిపోతాయట. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం పుట్టింటి నుంచే వచ్చిన విద్యన్నమాట. చదివాక నమ్మలేదు. మొన్న రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోతే పైకొచ్చాను. నిజంగానే ఒకటి వచ్చింది, మీ గుత్తి ముందు గాల్లో నిలబడి నాలుక చాచింది. అక్కడేం లేదే పిచ్చిదానా అన్నాను. పక్క పువ్వుకి జరిగింది. అక్కడా లేదే అన్నాను. ఇంకో పువ్వుకి జరిగింది. కరెంటొచ్చాక చూసుకుంటే నేను కూడా మూడో కొమ్మ దగ్గరికి వచ్చేసి ఉన్నాను, ముక్కు పువ్వులో పెట్టి.

ఇట్లు,
మీ అత్తగారు

తా.క. ఆదివారం పొద్దున పిండినల్లికి వేపనూనె, సబ్బునీళ్లు కొడతాను. కొంచెం ఘాటుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. కమిటీవాళ్లకి ఇవ్వడానికి నాలుగు కొమ్మలు కోయాలి. సెక్రటరీగారి ఇంట్లో ఎదిగిన పిల్ల లేకపోయినా ఉత్తరం బాల్కనీ ఉంది.