చీకట్లో నా పట్టుచీర

(పర్లాకిమిడిలో రాత్రి 11 దాటింది. ఆయన పెళ్లి వీడియోలు తీస్తాడు, డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుని కూర్చున్నాడు. ఆవిడ వెనకాల నిలబడి చూస్తోంది, అసలు గొడవంతా అక్కడే.)

ఆవిడ: ఏటండీ ఇది, పెళ్లికొడుకు నెత్తిమీద ముకుటం తెల్లటి బెండుతో చేసింది కదా, పీచుమిఠాయిలాగ గులాబీగా ఉన్నాదేటి?

ఆయన: రంగులు బాగా కొట్టొచ్చినట్టుండాలని ఆళ్లే అడిగినారు. శాచురేషన్, అంటే రంగు గాఢత, మామూలుగా 50లో ఉంటాది, 80కి లేపినాను.

ఆవిడ: మరి ఊరేగింపులో ఆ చీకట్లో ఎర్రవీ పచ్చవీ ఎగురుతున్నాయి, దోమలా?

ఆయన: నాయిజే అది. చీకట్లో కెమెరాకి సరిగ్గా కనబడదు, తోచిన రంగు రాసేస్తాది, దానిమీద నాను మళ్లీ శాచురేషన్ పెంచితే ఆ అబద్ధాలన్నీ ఇంకా మెరుస్తాయి.

ఆవిడ: అచ్చం మీ అన్నయ్యే.

ఆయన: మధ్యలో మా అన్నయ్యెందుకే! ఇదిగో చూడు, లమ్ వర్సెస్ శాట్.

ఆవిడ: కోర్టు కేసా?

ఆయన: కర్వే బాబూ! ఈ గీత ఎడమ కొస చీకటి, కుడి కొస వెలుతురు. ఎక్కడ కిందకి లాగితే అంత వెలుతురున్న చోట రంగు తగ్గుతాది, పైకి లేపితే పెరుగుతాది. బొమ్మలో ముకుటం మీద నొక్కినాననుకో, గీత మీద దాని చోట చుక్క పడిపోతాది. మొహాలు నడిమధ్యలో ఉంటాయి కాబట్టి అక్కడ ముందే ఒక చుక్క పాతేస్తే కదలవు, లేపోతే పెళ్లికూతురు కూడా పాలిపోతాది. ఇప్పుడు కుడి కొస కిందకి... చూసినావా ముకుటం?

ఆవిడ: మల్లెపువ్వులాగయ్యింది. బాగుంది బాగుంది.

ఆయన: ఇప్పుడు ఎడమ కొస. పోయినాయా నీ దోమలు?

ఆవిడ: పోయినాయి గానీ... ఆగండాగండి, ఆ చివర బూడిదరంగు చీరలో ఆ ముసల్దెవరు?

ఆయన: ...నువ్వే.

ఆవిడ: ఏటీ! అది బరంపురం పట్టు, కుంకుమ రంగు! పెళ్లికూతురి మౌసి కట్టిన నైలాన్ చీర ధగధగా మెరుస్తుంటే నాది బూడిదా?

ఆయన: ఈ కర్వు రంగు చూడదే, ఎర్రదా పచ్చదా దానికనవసరం, వెలుతురెంతో అదే చూస్తాది. ఆవిడ లైటు ముందున్నాది, నువ్వు చీకట్లో నిల్చున్నావు, నానేటి చేసేది.

ఆవిడ: నానెందుకు చీకట్లో నిల్చున్నాను?

(ఆయన ఏమీ మాట్లాడడు. మౌస్ మాత్రం అటూ ఇటూ తిప్పుతున్నాడు.)

ఆవిడ: అడుగుతున్నాను చెప్పండి. మీ లైటు స్టాండు గాలికి పడిపోకుండా మూడు గంటలు వెనకాల పట్టుకు నిల్చున్నదెవరు?

ఆయన: సరే సరే, నీ చీర చుట్టూ విండో అని ఒక గిరి గీసి దాన్ని తిరగేస్తాను, అప్పుడు కర్వు దాని బయటే పని చేస్తాది. నువ్వు కదిలినప్పుడల్లా విండో కూడా కదిలేలా ట్రాక్ చెయ్యాలి, 40 సెకన్ల షాటు, సెకనుకి 25 లెక్కన 1000 ఫ్రేములు, తెల్లారిపోతాది.

ఆవిడ: తెల్లారనీండి, టీ పెడతాను.

ఆయన: ఇంకోటి, నీ చీర మీద ఆ దోమలు మళ్లీ వచ్చేస్తాయి.

ఆవిడ: రానీండి, బుటాలనుకుంటారు.