బోర్లా పడుకున్న ఫైబర్ బోటు గారికి

మహారాజశ్రీ పాత ఫైబర్ బోటు గారికి, గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున బురదలో శయనించి ఉన్న తమరి సముఖానికి, రేవువాళ్ల విన్నపం.

పాత ఇనుము కొనే ఆయన నిన్న పొద్దుగూకేదాకా తమరి చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు. ఇంజను, షాఫ్టు, ప్రొపెల్లరు, ఆఖరికి బోల్టులు కూడా ఊడదీసి తూకం వేసుకున్నాడు. ‘డొల్ల కూడా పట్టుకెళ్తానన్నావుగా’ అంటే కాటా సర్దుకుని బండెక్కాడు. తమరికి ఉల్లిపాయలు కూడా రావట.

చెక్క నావ పోతే పలకలు మేకల దొడ్డికి, మేకులు కాటాకి, మిగతాది పొయ్యిలోకి. తమరేమో గాజుపీచు, పాలిస్టర్ రెజిన్ అనే జిగురు కలిసి బిగిసిన ఘటం. ఉడికిన ఇడ్లీ మళ్లీ పిండి కానట్టే, తమరూ ఇక కరగరు. చెద పట్టదు, పురుగు పట్టదు అనే కదా తెచ్చుకున్నాం! తగలబెడితే ఊరంతా నల్లపొగ, అడుగున గాజుపీచు అలాగే ఉంటుంది. ఏరు సముద్రంలో కలిసే మొగలో ముంచుదామంటే బల్లల కింది ఫోము మునగనివ్వదు.

పోనీ కోద్దాం. ముందు అడుగున మిగిలిన డీజిలు, ఆయిలు తోడాలి. ఫోము గీకాలి. ఇనుము కోసే చక్రం రెజిన్ వేడికి జిడ్డుకట్టి మొరాయిస్తుంది, డైమండ్ చక్రం తేవాలి. దుమ్ము లేవకుండా తడపాలి. కరెంటు గ్రైండరు మీద నీళ్లు పడితే తమరికంటే ముందు మేం పోతాం. కాబట్టి చేతి రంపం, చెంబుతో నీళ్లు, ఎన్ని రోజులైతే అన్ని. మూతికి తువ్వాలు చుడితే గాజు నలుసు ఆగదు, బిగుతైన మాస్కు కావాలి. ఒంటికి అంటితే రుద్దకూడదు, చన్నీళ్లు పోసుకోవాలి.

ఇంతా చేసి ముక్కలెక్కడికి? చెత్త ట్రాక్టరు తడిచెత్తా, పొడిచెత్తా అనడుగుతుంది. తమరు రెండూ కారు. జర్మనీలో గాలిమరల పాత రెక్కల్ని ముక్కలు చేసి సిమెంటు బట్టీల్లో వేస్తారు. రెజిన్ మండి వేడినిస్తుంది, గాజు సిమెంటులో కలిసిపోతుంది. మనకి సిమెంటు బట్టీలంటే జగ్గయ్యపేట వైపు పోవాలి. కోయకుండా ఎక్కిస్తే లారీలో సగం గాలే, కిరాయి మాత్రం నిండు లారీకి.

తమరూ గిమరూ ఇక మా వల్ల కాదు. నిన్ను అమ్మినవాడు ఏమన్నాడు? ‘ఏళ్లకేళ్లు పడి ఉంటుందండీ’ అన్నాడు. ఇలా పడి ఉంటుందని ఎవడనుకున్నాడు!

ఆషాఢం వస్తోంది. ఎర్రనీరు లేపితే నువ్వు పోయి మడచెట్ల మీద పడతావు, లేదంటే కట్టేసిన బోట్లని గుద్దుతావు. అందుకని కొబ్బరి మొదలుకి నైలాను తాడేసి కట్టాం. ఆ తాడు కూడా కొత్తది.

ఇట్లు,
రేవువాళ్లు