550వ సెక్షన్

గత సంక్రాంతి ముందు మా బావగారికి ఓ నోటీసు వచ్చింది. ఆయన ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేయించి, ఆర్డర్ల మీద హైదరాబాద్, బెంగళూరు పంపుతుంటారు. "నేతి పూతరేకులు, కొత్త బెల్లం, ఈ వారమే" అని ఎనిమిది వేల మందికి ఈమెయిల్ పెడితే, సగానికి పైగా గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. ప్రతిదాని నెత్తినా 550 5.7.1 అని ముద్ర. బావగారు ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏవోయ్, 550 అంటే ఏ సెక్షను? బెయిలుంటుందా?"

ఉండదు. ఇవి మెయిలు అందుకునే సర్వరు ఇచ్చే జవాబు నంబర్లు. 421 అని వస్తే "ఇప్పుడు కుదరదు, మళ్ళీ రండి" అని అర్థం, బాకీ వసూలుకొచ్చినవాడికి మనం చెప్పే మాటే. 550 అలా కాదు. తలుపేసి గడియ పెట్టడం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ, అంటే ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. దేశం గుర్తించిన స్వీటును ఎక్కడో ఉన్న ఓ సర్వరు గుర్తించనంది.

దీన్ని ఒక వ్యాపారి కష్టంగా కాక, యావత్ గోదావరి డెల్టా మర్యాద మీద జరిగిన దాడిగా పరిగణించాలని నా మనవి. మన దగ్గర పిలవకపోవడం తప్పు. పెళ్ళికి పిలవలేదని పదిహేనేళ్ళుగా మాట్లాడని మేనత్తలు మండలానికి పదిమంది దొరుకుతారు. వీధిలో పోయే కొత్తమనిషిని కూడా "భోంచేసి వెళ్దురు గానీ, ఆయ్" అని ఆపే నేల ఇది. అలాంటి చోట, పిలిచినందుకు పరువు పోయింది! పైగా ఆ పరువును లెక్కగట్టేది అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు కాదు, ముక్కూ మొహం తెలియని ఓ యంత్రం.

రావులపాలెం నుంచి మా అక్క తోడికోడలి కొడుకును పిలిపించాం. సాఫ్ట్‌వేర్ కుర్రాడు. వాడు ల్యాప్‌టాప్ తెరిచి అరగంట చూసి, "పెదనాన్నగారూ, మీకు ఎస్పీఎఫ్ రికార్డులు రెండున్నాయండి" అన్నాడు. బావగారి మొహం వెలిగింది. ఒకటి కావాల్సిన చోట రెండున్నాయంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు?

ఫలానా పేరుతో మెయిలు పంపే అధికారం ఫలానా సర్వర్లకే ఉందని చాటే చీటీ ఎస్పీఎఫ్. అది ఒకటే ఉండాలి. రెండుంటే ఒక్కటీ లేనట్టే. ఒకే చేనుకు రెండు పట్టాలుంటే బ్యాంకువాడు అప్పిస్తాడా? మెయిళ్ళు పంపే కంపెనీని మార్చినప్పుడు బావగారు కొత్త పట్టా పుట్టించి, పాతది చింపడం మరిచారు. డీకిమ్ అంటే దారిలో ఎవరూ విప్పి దిద్దలేదని చెప్పే లక్క ముద్ర. అది అసలు లేనేలేదు. ఈ రెండు పరీక్షల్లోనూ మెయిలు తప్పితే ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్: వదిలెయ్, పక్కన పెట్టు, తిప్పి పంపు. దానికీ దిక్కులేదు.

అడ్రసుల చిట్టా సంగతి మరీ ఘోరం. పదేళ్ళ కిందట ఎగ్జిబిషన్లో విజిటింగ్ కార్డు ఇచ్చినవాడూ, కోటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ నంబరు తీసుకున్నవాడూ అందులో ఉన్నారు. కొన్ని అడ్రసుల యజమానులు ఎప్పుడో ఖాతా వదిలేశారు. అలాంటి పాడుబడ్డ అడ్రసుల్ని కొన్నాళ్ళు మూసి ఉంచి, తర్వాత బోనులా తెరుస్తారట. అక్కడికి మెయిలు పంపేది జాబితా శుభ్రం చేసుకోని వాడేనని పట్టుకోవడానికి. కాలం చేసిన పెద్దాయనకు శుభలేఖ పంపి, ఆయన సంతకంతో రసీదు అందుకోవడం లాంటిదన్నమాట.

అడగనివాళ్ళకు మెయిళ్ళు పంపే ఈ పాపానికి ఆద్యుడు అమెరికావాడు. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అనే అమ్మకాల ఉద్యోగి, ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. చివాట్లు తిన్నాడు, సరుకూ అమ్ముకున్నాడు. మా బావగారికి చివాట్లు మాత్రమే దక్కాయి.

చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళ బ్లాక్‌లిస్టులో కూడా బావగారి పేరెక్కింది. తీసేయమని ఎమ్మెల్యే గారితో చెప్పిద్దామని బావగారు రెండు కేజీల డబ్బా కట్టించారు. కుర్రాడు ఆపాడు. 1998 నుంచి ఇలాంటి లిస్టులు నడుపుతున్న స్పామ్‌హౌస్ లాంటి చోట పేరు తీయించుకోవడానికి పైసా అక్కర్లేదట, సిఫార్సూ పనిచేయదట. ముందు తప్పు దిద్దుకుని తర్వాత అర్జీ పెట్టాలి, దిద్దకుండా పెడితే మళ్ళీ ఎక్కుతుంది. సిఫార్సు పనిచేయని ఆఫీసు ఒకటుందని విని బావగారు ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. డబ్బా మేమే తినేశాం.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెట్టిన నిబంధనల ప్రకారం టోకున పంపేవాడు, అంటే జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 పైన పంపేవాడు, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే బటన్ పెట్టాలి.

"విస్తరి ముందు కూర్చున్నవాడికి లేచిపోయే దారి చూపించమంటావా? డొక్కా సీతమ్మగారు పుట్టిన గడ్డరా ఇది!" అని బావగారు లేచారు.

కుర్రాడు నెమ్మదిగా, "సీతమ్మగారు లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళకు వండి పెట్టారండి. రానివాళ్ళ ఇళ్ళకు రోజూ విస్తళ్ళు పంపలేదు కదండి" అన్నాడు.

బావగారు కూర్చున్నారు. ఈ వాదనకు నా దగ్గరా జవాబు లేదు, కాబట్టి ముందుకు సాగుతున్నాను.

ఇక పోయిన పరువు తిరిగి రావడానికి వాడు చెప్పిన మందు, ఊరుకోవడం. కొన్నాళ్ళు ఊరుకుని, మొదట ఈ మధ్య ఆర్డరు ఇచ్చిన యాభై మందికే పంపాలి. వాళ్ళు తెరిచి చదివితే వంద, తర్వాత రెండొందలు. ఇది బావగారికి వెంటనే ఎక్కింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాకు తెలిసిన విద్యే. వేసవిలో కట్టేసిన కాలువకు జూన్‌లో ఒక్కసారి నిండా నీళ్ళొదిలితే గట్టు తెగుతుంది. కాకపోతే ఈ లెక్కన ఎనిమిది వేలకు చేరేసరికి సంక్రాంతి వెళ్ళి, శివరాత్రి వెళ్ళి, ఉగాది వచ్చింది. మెయిళ్ళు మాత్రం తిరిగి రావడం మానేశాయి.

అన్నీ సర్దుకున్నా బావగారికి ఒక్కటి మింగుడు పడలేదు. వెయ్యి మందిలో ముగ్గురు "ఇది స్పామ్" అని బటన్ నొక్కితే చాలు, పరువు పోతుంది. మెయిలు కంపెనీ చూపే లెక్కల పేజీలో ఆయనది సరిగ్గా 0.3 శాతం ఉంది. అంటే ఎనిమిది వేలకు ఇరవై నలుగురు. వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. బావగారు పాత డైరీ తీసి అనుమానితుల జాబితా రాశారు: అంబాజీపేట కొబ్బరి షావుకారు, ఎదురు కొట్టువాడు, పెళ్ళిలో మాట పడ్డ వియ్యంకుడు, ఇలా.

"ఇరవై మూడు తేలాయోయ్. ఆ ఇరవై నాలుగోవాడెవడో అంతు చిక్కడం లేదు" అంటూ ఉగాది నాడు నా ముందు పళ్ళెం పెట్టారు.

ఆ మెయిలు నాకు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చేది. ఫోను దిండు పక్కనే మోగేది. పూతరేకు మడత నోట్లో పెట్టుకున్నాను. నోటినిండా అది ఉండగా మాట్లాడటం మర్యాద కాదు.