ఆ సిమెంటు బస్తాలు పాత గోడల దగ్గరికి రానివ్వకండి

ఈ పొద్దున ఎదురింటి పిన్నిగారి అరుగు మీద ఆరు సిమెంటు బస్తాలు దించారు. "ఏంటి పిన్నీ, మేడ మీద గది వేస్తున్నారా?" అని అడిగాను. "లేదమ్మా, వీధి గోడ చూడు, ఇటుకల మధ్య సున్నమంతా రాలిపోతోంది. వానలు పట్టుకునే లోపల సిమెంటుతో పూడిపించేద్దామని" అన్నారు. ఆవిడ మామూలుగానే చెప్పారు గానీ నా గుండె జారిపోయింది. 2009లో మా గోడకి మేం చేసిన పని సరిగ్గా అదే. తర్వాత మా గోడ ఏమైందో ఈ వీధిలో అందరూ చూశారు. ఎందుకలా అయిందో మాత్రం మేం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. పాత ఇటుక ఇల్లు ఉన్నవాళ్లు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

మాది మద్రాసు జార్జిటౌన్, మింట్ స్ట్రీట్ నుంచి చీలే సందు. పప్పుల వ్యాపారం చేసుకునే మా ముత్తాత 1896లో కట్టించిన ఇల్లు. ముందు అరుగు, లోపల మండువా, పైన మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, సున్నంతో బిగించి, దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపి కొట్టిన పైకప్పు అది. ఇంటి మొత్తంలో సిమెంటు పిడికెడు కూడా లేదు. మా సందు నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న హైకోర్టు 1892లో తెరిచారు. ఆ ఎర్ర ఇటుకలన్నీ సున్నం పట్టుతో నిలిచినవే. దేశంలో తొలి సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది కూడా ఈ మద్రాసులోనే, 1904లో. అప్పటికి మా ఇంటికి ఎనిమిదేళ్లు నిండాయి.

2009లో నాన్న పిలిపించిన వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరు గోడని ఓ ఐదు నిమిషాలు చూసి, "సార్, ఇదంతా మట్టైపోయింది, సిమెంటు పాయింటింగ్ చేస్తే మీ మనవల కాలం దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు. పాయింటింగ్ అంటే ఇటుకల మధ్య సందుల్ని పూడ్చడం. గ్రైండర్ పెట్టి ఆ సందులు కోశారు. ఆ కోతకి ఇటుకల అంచులు కూడా ఎగిరిపోయాయి, అప్పుడు మేం పట్టించుకోలేదు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది. గీత గీసినట్టు బూడిదరంగు సిమెంటు చారలు. నాన్న వీధి అవతల నిలబడి చాలాసేపు చూసుకున్నారు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన తృప్తి నాకింకా గుర్తుంది.

మూడో ఏడు గోడ మొదట్లో ఎర్రటి పొడి రాలడం మొదలైంది. పొద్దున అమ్మ ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ అంతే ఉండేది. చెదలేమోనని మందు కొట్టించాం. తర్వాత ఇటుకల మీద తెల్లటి ఉప్పు నూగులా లేచింది. ఆ తర్వాత పెచ్చులు. ఇటుక ముఖం అప్పడంలా లేచి, గోరు తగిలితే చేతిలోకి వచ్చేసేది. ఏడేళ్లు తిరిగేసరికి ఇటుకలు లోపలికి తినేసుకుపోయి, సిమెంటు చారలు మాత్రం చెక్కు చెదరకుండా బయటికి నిలబడ్డాయి. గోడంతా తేనెపట్టు. ఒక గుంటలో నా చూపుడువేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది. చుట్టూ ఉన్న సిమెంటు గళ్లు అలాగే గట్టిగా, కొత్తగా ఉన్నాయి. నూట పదమూడేళ్లు వానకీ ఉప్పుగాలికీ నిలిచిన ఇటుకని మా చేతులతో మేమే పొట్టన పెట్టుకున్నామని నాకు అర్థమైంది ఆ గుంటలో వేలు పెట్టినప్పుడే.

ఎందుకిలా జరుగుతుందో చెప్తాను. పాత ఇళ్లలో నేల తడిని ఆపే పొర పునాది మీద ఉండదు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు గోడ నేలలోంచి తడి పీలుస్తుంది. ఆ తడి ఎక్కడో ఒకచోట బయటికి ఆరిపోవాలి. సున్నం మెత్తన, దాని ఒళ్లంతా సన్న రంధ్రాలు, అందుకని తడి ఎక్కువగా ఆ సందుల్లోంచే ఆరుతుంది. తడితో వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుని, గట్టిపడి, చుట్టూ ఉన్నదాన్ని లోపల్నుంచి పగలగొడుతుంది. పగిలేది సున్నం, మిగిలేది ఇటుక. మీ గోడలో సున్నం రాలుతోందంటే అది చెడిపోయిందని కాదు అర్థం, ఇన్నేళ్లూ ఇటుక బదులు తాను అరిగిందని అర్థం. తరానికోసారి, అరిగినంత మేర గీకి మళ్లీ సున్నమే నింపుకోవాలి. మన తాతల లెక్క అది.

అక్కడ సిమెంటు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి పైకి రావడం మానదు కదా, ఇక ఇటుకలోంచే ఆరుతుంది. ఉప్పు ఇటుక ముఖం వెనకాల చేరుతుంది. ఆ కాలంలో బట్టీలో కాల్చిన ఇటుకకి పైన తోలు గట్టి, లోపల మెత్తన. ఆ తోలు ఒకసారి ఊడిందా, లోపలిది నిలవదు. ఎండకి వానకి గోడ కాస్త కదులుతూనే ఉంటుంది. సున్నం ఆ కదలికకి సర్దుకుంటుంది. సన్న చీలిక వస్తే, తడికి కరిగిన సున్నమే దాంట్లో మళ్లీ గడ్డకట్టి పూడుతుంది. సిమెంటుకి ఆ గుణం లేదు. అంచు వెంట విడుతుంది, ఆ వెంట్రుకవాసి సందులోంచి వాన నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రాలేవు.

"సిమెంటు బలమండీ" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బలం దేనికి, ఎవరి మీద? ఇటుక కంటే దాన్ని పట్టి ఉంచేది గట్టిదైతే దెబ్బ ఇటుకకే.

ఇంకో రెండు పనులు కూడా మనమే చేస్తున్నాం. గోడకి చెమ్మ కనిపించగానే నాలుగడుగుల ఎత్తు దాకా టైల్స్ అతికించేస్తాం. చెమ్మ టైల్స్ వెనకే పైకి పాకి ఐదో అడుగు దగ్గర బయటపడుతుంది. అప్పుడు అక్కడ ప్లాస్టిక్ పెయింటు కొడతాం, అది బుడగలు లేస్తుంది. రెండోది మన చేతిలో పూర్తిగా లేదు, రోడ్డు. మా చిన్నప్పుడు అరుగు ఎక్కడానికి మూడు మెట్లుండేవి, ఇప్పుడు ఒకటి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి గోడ మొదలుని నేలలో కలిపేశారు. పాత పొర గీకి తీశాకే కొత్తది వేయాలని 2021లో ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది. మీ వీధిలో రోడ్డు వేయడానికి వస్తే ఆ మాట గుర్తు చేయండి, గట్టిగానే అడగండి.

మా గోడని 2022లో బాగు చేసిన మేస్త్రిగారు తిరుత్తణి వైపు మనిషి, ఇంట్లో తెలుగే. డెబ్భై దాటాయి. రాగానే ఒక మేకు నా చేతిలో పెట్టి, "గీకి చూడమ్మా" అన్నారు. లోపలి గోడ సందులో గీకితే మేకు దిగింది, తెల్లగా పొడి రాలింది. వీధి గోడ మీద గీకితే కిర్రుమని జారింది. "తెల్లది మీ తాతది. జారేది మీ నాయనది" అన్నారు, అంతే. ఆ మాటలో నిందేమీ లేదు. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు, తల ఊపారు.

ముందు కాల్చిన గుల్ల, అంటే సున్నం కోసం కాల్చిన నత్తగుల్లలు, తెప్పించారు. ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి అందులోకి కొంచెం కొంచెంగా గుల్ల వదిలారు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత బుసకొట్టింది, ఆ వెంటనే అన్నం ఎసరులా కుతకుతలాడింది. ఆవిరికి పెరడంతా వెచ్చబడింది. ఇది ఇంట్లో ప్రయోగం చేసేది కాదు, దయచేసి వినండి. నీళ్లలోకి గుల్ల వేయాలి గానీ గుల్ల మీద నీళ్లు గుమ్మరించకూడదు, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు. చిమ్మి కంట్లో పడితే చూపు పోవచ్చు. చల్లారాక వడగట్టి, పైన నీళ్లు నిలిచేలా నలభై రోజులు మాగబెట్టారు. మూత తీస్తే అప్పుడే చిలికిన వెన్నలా ఉంది. దానికి కడిగి ఆరబెట్టిన ఏటి ఇసుక, సుర్కీ, అంటే మెత్తగా దంచిన ఇటుకపొడి. సుర్కీ ఉంటే సున్నం తడిలో కూడా పట్టుకుంటుంది. వెనకటికి ఎద్దు గానుగలో రుబ్బేవారు, అందుకే గానుగ సున్నం అనేవాళ్లం. ఇప్పుడు కరెంటు రోలు. సముద్రపు ఇసుక మాత్రం చచ్చినా వాడకూడదు, ఉప్పుని మనమే తెచ్చి గోడలో పెట్టినట్టవుతుంది.

కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కూడా కొంచెం కలిపారు. మన పెద్దవాళ్లని అడిగితే కోడిగుడ్డు సొన కథ కూడా చెప్తారు. అది అద్దంలా రుద్దే మద్రాసు చూనం పూతకి. సందులు నింపడానికి గుడ్లు అక్కర్లేదు, మాగిన సున్నం ఉంటే చాలు.

పాత సిమెంటు తీయడమే అసలు కష్టం. గ్రైండర్ వద్దన్నారు. సన్న ఉలి, చిన్న సుత్తి, రోజుకి గజం గోడ. సందు వెడల్పుకి రెండింతల లోతు, దాదాపు అంగుళం దాకా గీకారు. ముఖం పోయిన ఇటుకల్ని ఒక్కొక్కటీ జాగ్రత్తగా ఊడదీసి, వెనక్కి తిప్పి, లోపలి ముఖం వీధి వైపు పెట్టారు. మొదటి ఇటుక తిప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. 1896లో గోడలోకి వెళ్లిన ముఖం అది, అప్పటి నుంచి వెలుగు చూడలేదు. ఎర్రగా, నిండుగా ఉంది. అంచు దగ్గర ఎవరిదో వేలి గుర్తు, పచ్చిగా ఉన్నప్పుడు పట్టి ఎత్తిన మనిషిది. నేను దాని మీద నా వేలు పెట్టి చూసుకున్నాను. ఆ ఇటుక ఇప్పుడు మా కిటికీ కింద, ఎడమ నుంచి మూడోది.

తర్వాత దుమ్ము కడిగి, సందులు తడిపి, సందు వెడల్పుకి అరగదీసిన ఇనప బద్దతో సున్నాన్ని లోపలికి కుక్కారు. ఒకేసారి కాదు, రెండు విడతలు. ఇటుక అంచు మీదికి పాకనివ్వలేదు, వెంట్రుకవాసి లోపలికే ఆపారు. ఆ పైన వారం రోజులు తడి గోనెపట్టాలు. ఎండ తగిలి త్వరగా ఆరితే పొడి అయిపోతుంది. సున్నం గట్టిపడేది గాలితో. కాల్చినప్పుడు వదిలేసిన బొగ్గుపులుసు వాయువుని గాలిలోంచి మెల్లగా మళ్లీ పీల్చుకుని రాయవుతుంది. దానికి నెలలు కావాలి. అందుకే ఈ పని ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానల ముందు హడావిడిగా చేసేది కాదు, మే ఎండల్లో చేసేది అంతకన్నా కాదు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాలి.

ఖర్చు సిమెంటు పనికి రెండింతలు దాటింది. సున్నం మాగడంతో కలిపి నాలుగు నెలలు పట్టింది. నిజం. అయితే ఆ మొదటి నాలుగు రోజుల పని మాకు ఎన్ని ఇటుకల్ని తినేసిందో కూడా లెక్కలో వేయండి. మా వీధిలో రెండు ఇళ్లు "గోడలు పోయాయి, ఇక లాభం లేదు" అని కూల్చి ఫ్లాట్లు కట్టారు. ఆ రెండింటికీ కూల్చే ముందు సిమెంటు పాయింటింగ్ చేసి ఉంది, నేను కళ్లారా చూశాను. ఇల్లు ముసలిదైపోయిందని అన్నారు. ముసలితనం కాదు, తప్పుడు వైద్యం. ఆ మాట ఆ రోజు గట్టిగా అనలేకపోయినందుకు ఇవాళ ఇంత రాస్తున్నాను.

సున్నం పని ఇప్పుడెవరు చేస్తారని అడక్కండి. చేపాక్‌లో నవాబుల నాటి కలస్ మహల్ 1768లో కట్టింది, 2012 జనవరిలో మంటల్లో కాలిపోయింది. మన ప్రజాపనుల శాఖే దాన్ని సున్నంతో మళ్లీ నిలబెట్టింది. వెళ్లి చూడండి. అలాంటి పనుల్లో చేయి తిరిగిన మేస్త్రులు ఈ ఊళ్లో ఉన్నారు. మనం పిలవకపోతే వాళ్ల పిల్లలు ఈ పని నేర్చుకోరు, టైల్స్ పనికి పోతారు.

అన్నిటికీ సున్నమే అని నేను అనను. గట్టి ఇటుకతో, సిమెంటుతోనే కట్టిన ఇంటికి సిమెంటే సరి. గోడ పొట్ట ఉబ్బినా, మెట్లు మెట్లుగా పెద్ద చీలిక వచ్చినా సందులు పూడ్చి లాభం లేదు, ముందు పాత కట్టడాలు తెలిసిన ఇంజనీరుకి చూపించండి. పాత సున్నం గోడా కాదా అన్నది తేల్చుకోవడానికి మాత్రం ఒక మేకు చాలు.

మధ్యాహ్నం పిన్నిగారి ఇంటికి మేకు తీసుకుని వెళ్లాను. ఆవిడే గీకారు, తెల్లగా రాలింది. తర్వాత ఇద్దరం మేడ ఎక్కి చూశాం. వాన నీళ్ల గొట్టం మూడో బిగింపు దగ్గర పగిలి ఉంది, నీళ్లన్నీ సరిగ్గా ఆ గోడ మీదికే. సందులోంచి ఒక రావిమొక్క కూడా మూరెడు లేచింది. రేపు ప్లంబరు వస్తాడు, గొట్టం ముందు మారుస్తాం. మొక్కని వేరుతో సహా తీయించాలి. మేస్త్రిగారికి ఫోన్ చేశాను, శనివారం వచ్చి చూస్తానన్నారు. బస్తాలు వాపసు తీసుకోమని షాపువాడితో పిన్నిగారే మాట్లాడారు. రెండు మాత్రం ఉంచుకున్నారు, పెరట్లో నీళ్ల తొట్టి కోసం.